పడాల్సిన చోట పడని ఇంజను

మా వీధి చివరింటి ఇన్‌స్పెక్టరు గారు పోయారన్న సంగతి నాకు పాలవాడు చెప్పాడు. "చివరింట్లో ఇవాళ పాలొద్దన్నారండి" అని, మాకు పోయవలసినదానికన్నా ఇంకో గిద్దెడు ఎక్కువే పోసి, నా మొహంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. పొద్దున్న ఆరింటికి కాఫీ అందకపోతే ఏలూరు స్టేషన్లో బండ్లన్నీ ఆగిపోతాయన్నంత హడావిడి చేసే మనిషి ఇంట్లో పాలు వద్దనడమేమిటి? చెంబు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. కాసేపటికి మా అమ్మ వచ్చి చెంబు నా చేతిలోంచి తీసుకుని, "వెళ్ళు, నువ్వే ముందు వెళ్ళాలి" అంది.

పాఠక మహాశయులారా, ఇటువంటి వ్యాసాలు రాయడానికి తగిన వయసూ గాంభీర్యమూ ఉండాలంటారు. నాకు రెండూ లేవు. బి.ఎ. ప్యాసై, ఉద్యోగం వచ్చేదాకా వీధిలోవాళ్ళని ఆటపట్టించడమే ఉద్యోగంగా పెట్టుకున్నవాణ్ణి. అయినా ఆయన గురించి నేనే రాయాలి. ఆయన బతుకులో చిట్టచివరి పెద్ద తగాదా నా చేతుల మీదుగానే తెగింది కాబట్టి.

ఆయన పోలీసు ఇన్‌స్పెక్టరు కాదు. రైలుపట్టాల ఇన్‌స్పెక్టరు. తాడేపల్లిగూడెంలోనూ, కొల్లేటి అంచు లైన్లమీదా పాతికేళ్ళు, పట్టాలమీద తోసుకుపోయే ట్రాలీమీద తిరిగి, రిటైరై మా వీధికి వచ్చారు. వచ్చిన నెలలోనే వసారాలో పన్నెండడుగుల బల్ల వేయించి, దానిమీద మట్టికట్ట పోసి, కట్టమీద బొమ్మరైలుకి పట్టాలు వేయడం మొదలుపెట్టారు. బొమ్మరైలంటే ఆయనకి కోపం. "బొమ్మ కాదోయ్, చిన్నది" అనేవారు.

చిన్నదే, కానీ అందులో లోటు ఏదీ లేదు. పట్టాలకి ఇత్తడి తీగ. తాడేపల్లిగూడెంలో తనకి తెలిసిన కంసాలి దగ్గర కూర్చుని, కంతల పలకలోంచి, అదే కమ్మచ్చులోంచి, తీగ లాగించి, ఆ పైన సుత్తితో ఒక్కొక్క బెత్తెడూ సాగగొట్టించారు. పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు టేకు పుల్లలు, తారులో ముంచి ఆరబెట్టినవి. మేకులకి వీధిలో గ్రామఫోను ఉన్న రెండిళ్ళవాళ్ళూ అరిగిపోయిన ముళ్ళన్నీ అగ్గిపెట్టెలో పోసి ఇచ్చేవారు. పట్టాని బిగించే కీలు వెదురువి, ఒక్కొక్కటి బియ్యపుగింజంత. కట్టకి మా పెరటిమన్ను తెస్తానంటే ఒప్పుకోలేదు. కొల్లేటి నల్లమట్టి ఆకివీడు నుంచి గోనెసంచిలో తెప్పించారు. అది ఎండకుండా తడిగుడ్డ కప్పేవారు. వానాకాలంలో ఆ వసారాలోకి అడుగుపెడితే చెరువు అడుగున నిలబడ్డట్టు వాసన వేసేది.

రోజూ పొద్దున్న కాఫీ తాగి, పంచె ఎగదోపి, మోకాళ్ళమీద కూర్చుని, చెంప బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి పట్టా పొడుగునా చూసేవారు. ఎక్కడ వెంట్రుకవాసి దిగినా పట్టుకునేవారు.

"పెళ్ళయిన కొత్తల్లో నాకేసి కూడా ఇంత సేపు చూడలేదయ్యా" అనేవారు వాళ్ళావిడ. ఆవిణ్ణి నేను అత్తయ్యగారనేవాణ్ణి.

"నువ్వు వంకర లేవు కదటే" అనేవారాయన, చెంప తీయకుండానే.

"కన్ను అబద్ధమాడదోయ్" అన్నది ఆయన మాట. దేనికైనా అదే. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే కూడా గిన్నెలోకి చూసేవారు.

ఆదివారం ఇంజను నడిపేవారు. తాళమిస్తే నడిచే ఇంజను. దాని కడుపులో సీసం పోయించారు, ఎత్తితే మణికట్టు లాగేది. ముందు చిన్న ట్రాలీని వేలితో తోసి, తర్వాత ఇంజను వదిలేవారు. బల్ల మధ్యలో ఒక తూము ఉంది. ఇంజను అక్కడికి వచ్చేసరికి ఆయన ఊపిరి బిగబట్టేవారు. అది తూము దాటి చివరికి చేరేది. మీరూ నేనూ అయితే చప్పట్లు కొడతాం. ఆయన మొహం మాత్రం శవం లేచిన ఇంట్లో మొహంలా ఉండేది. "ఇవాళా పడలేదు" అని ఇంజను తీసి, గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టేసేవారు. అత్తయ్యగారు ఆ పూట ఆయన్ని పలకరించేవారు కాదు.

ఇంత శ్రద్ధగా పట్టాలు వేసి, రైలు పడాలని కోరుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను, చూసి నవ్వాను. ఎందుకో తెలిసినది తర్వాత. ఆ సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను, నాలాగ మీరూ నవ్వి తర్వాత బాధపడకుండా.

యుద్ధం రోజుల్లో కొల్లేరు బాగా పొంగిన ఏడు, ఆయన లైనులో ఒక తూము దగ్గర గూడ్సు ఇంజను కట్టమీంచి నీళ్ళలోకి ఒరిగింది. ఫైర్‌మన్ చచ్చిపోయాడు. అంతకు ముందు సాయంత్రం, పట్టాల వెంట నడిచి కీలు బిగించే కీమన్ వచ్చి, "తూము దగ్గర కట్ట గుల్లగా పలుకుతోందండి, సుత్తి వేస్తే తెలుస్తోంది" అని ఈయనకి చెప్పాడు. ఈయన ట్రాలీమీద వెళ్ళి, దిగి, చెంప ఆనించి చూశారు. పట్టా గీత గీసినట్టుంది. ట్రాలీ చప్పుడు లేకుండా దాటింది. బండ్లు మెల్లగా నడపమని రాయకుండా వచ్చేశారు. తెల్లారేసరికి అంతా అయిపోయింది.

విచారణలో ఈయన, "పట్టా మట్టంగా ఉంది, నా కళ్ళతో చూశాను" అన్నారు. అది నిజమే. కీమన్, "గుల్లగా పలికిందండి" అన్నాడు. చెవికి వినపడినదానికి సాక్ష్యమేముంది? కీలు బిగించనివాడే కథ అల్లుతున్నాడని తేల్చారు. ఉద్యోగం పోయి, కీమన్ కొల్లేటికోట చేరి చేపల వేటలో పడ్డాడు. ఆ కాగితం మీద ఈయన సంతకం ఉంది.

మట్టంగా కనపడే పట్టా పడుతుందా? ఆ ఒక్క ప్రశ్న కోసమే పన్నెండడుగుల బల్ల. పడకపోతే తాను చెప్పింది నిజం, కీమన్ అబద్ధం. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారమూ ఆయన చెప్పిందే నిజమవుతూ వచ్చింది. అలా నిజమైన ప్రతిసారీ ఆయన కొంచెం కొంచెం చిక్కిపోయారు. పోయినేడు గుండెనొప్పి కూడా మొదలైంది.

ఇదేదీ తెలియని నేను ఈ శ్రావణంలో ఒక శనివారం మధ్యాహ్నం, ఆయన నిద్రపోతుండగా, ఒక ఘనకార్యం చేశాను. పెద్దాయన పడాలంటున్నారు కదా, పడేద్దామనుకున్నాను. గరిటె కాడతో కట్టకి పక్కనుంచి కన్నం పెట్టి, తూము పక్క స్లీపర్ల కిందనుంచి చారెడు మట్టి లాగేశాను. పైన ఏమీ కదలనివ్వలేదు. కన్నం మూతి మట్టితో మూసి వేలితో నున్నగా పామాను. నా జీవితంలో అంత నాజూగ్గా ఏ పనీ చేయలేదు.

మర్నాడు ముసురు పట్టి ఉంది. ఆయన యథాప్రకారం చెంప ఆనించి చూశారు. నేను స్తంభానికి ఆనుకుని నవ్వాపుకుంటున్నాను. ఆయనకి ఏ లోపమూ కనపడలేదు. ట్రాలీ తోశారు, దాటింది. ఇంజనుకి తాళమిచ్చి వదిలారు. తూము దగ్గర ముందు చక్రాలు దాటాయి. ఆ తర్వాత, ఎవరో కిందనుంచి కాలు పట్టి లాగినట్టు, పట్టా మెల్లగా కుంగింది. ఇంజను పక్కకి ఒరిగి, బల్లమీంచి గచ్చుమీద పడింది. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. తాళం అయిపోయేదాకా ఆ గరగర వినపడింది.

ఆయన ఇంజనుకేసి చూడలేదు. వంగి, కీలన్నీ ఒక్కొక్కటే గోటితో కదిపి చూశారు. ఒక్కటీ కదల్లేదు. గచ్చుమీదే కూర్చుండిపోయి, "ఏమే" అని పిలిచారు.

అత్తయ్యగారు తడిచేతులతో వచ్చారు.

"వాడు చెప్పింది నిజమేనే."

ఆవిడ గోడ పట్టుకున్నారు. అప్పుడు ఇద్దరి మొహాలూ చూసి, స్తంభం వదిలి ముందుకి వచ్చాను. "మామయ్యగారూ, అది నేనే చేశానండి. నిన్న కిందనుంచి మట్టి తీసేశానండి. ఊరికే, సరదాకండి."

"ఎంత తీశావు?"

"చారెడండి."

"పైన ఏమైనా కదిలిందా?"

"లేదండి. మీకు తెలియకూడదని జాగ్రత్తగా తీశానండి."

చెంపదెబ్బ తప్పదనుకున్నాను, తగలాలని కూడా కోరుకున్నాను. ఆయన ఆ కన్నంలోకి చూపుడువేలు పెట్టి, లోపలి బోలు తడిమి, వేలు బయటికి తీసి మట్టికేసి చూశారు.

"కొల్లేరూ సరిగ్గా అలాగే తీసిందోయ్" అన్నారు. "నాకు తెలియకుండా, జాగ్రత్తగా. నేను రెండేళ్ళూ పైనే చూశాను. కింద చూడాలని తట్టలేదు."

ఆయన ఎప్పుడూ నన్ను తిట్టలేదు. ఆ రోజు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ వ్యాసం రాయడం కొంచెం తేలికయ్యేది.

ఆ తర్వాతి రెండు రోజులూ కూర్చుని కాగితం రాశారు. కీమన్ ముందురోజే హెచ్చరించాడనీ, తాను చూసినది పైపైనేననీ, తప్పు తనదేననీ. నాచేత నకలు తీయించి, అసలుది పై ఆఫీసుకి రిజిస్టరు చేయించారు. నకలు మడిచి లాల్చీ జేబులో పెట్టుకుని, కొల్లేటికోట వెళ్ళాలన్నారు.

"డాక్టరు గారు మెట్లే దిగొద్దన్నారు, పడవెక్కుతారా?" అన్నారు అత్తయ్యగారు. "నీళ్ళు బాగా వచ్చాయటండీ. తగ్గాక వెళ్ళచ్చు కదండీ."

"నీళ్ళు తగ్గుతాయి. నేనుంటానో లేదో" అన్నారాయన, చెప్పులు వెతుక్కుంటూ. ఆవిడ నాకేసి చూసి, "దగ్గరుండి తీసుకురా నాయనా" అన్నారు. ఆవిడ నన్ను నమ్మి ఒక పని అప్పగించడం అదే మొదలు.

ఆకివీడు దాకా ఎలాగో చేరి, అక్కడ పడవ మాట్లాడుకున్నాం. ఆకాశం కిందికి దిగివచ్చి నీళ్ళమీద కూర్చున్నట్టుంది. ఎటుచూసినా ఒకటే రంగు. తుంగ తలలు మాత్రం అక్కడక్కడ పైకి తేలి ఉన్నాయి. పడవవాడు మమ్మల్ని కొల్లేటికోటలో దింపి, "వాన పట్టేలా ఉందండి, నేనుండనండి" అని తిరిగి వెళ్ళిపోయాడు.

కీమన్ తన పాక ముందు వల బాగుచేసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరు గారిని చూసి లేచి నిలబడ్డాడు. ఉద్యోగం పోయి ఇన్నేళ్ళయినా ఆ లేవడం మాత్రం పోలేదు.

"కూర్చోండి బాబుగారండి. తడిసిపోయారు."

"కూర్చోడానికి రాలేదోయ్. ఇది చదవడానికి వచ్చాను" అని కాగితం తీసి, నిలబడే చదివారు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. ఇరుగుపొరుగు నలుగురు చేరారు.

చదవడం అయ్యాక కీమన్ లోపలికి తిరిగి, "ఇలా రావే" అని భార్యని కేకేశాడు. ఆమె వచ్చింది. "మళ్ళీ చదవండి బాబుగారండి. మా ఇంటిది కూడా వినాలండి."

మళ్ళీ చదివారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విని, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండి మరి?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అంది. "మా పెద్దోణ్ణి పట్టాల గ్యాంగులో వేసుకోమని తిరిగామండి. ఫలానావాడి కొడుకా అని గేటు దగ్గరే పంపేశారండి."

"పై ఆఫీసుకి రాశానమ్మా. జవాబు వస్తుంది."

"వస్తుందిలెండి" అన్నాడు కీమన్, ఆయన బాధపడకూడదన్నట్టు.

ఆయన పోయేలోగా జవాబు రాలేదు, ఇది రాస్తున్న రోజు వరకూ రాలేదు. నకలు నా దగ్గరుంది. జవాబు వచ్చేదాకా నెలకోసారి గుర్తుచేస్తూ ఉత్తరం రాయడం ఇక నా పని. వీధిలో ఆటపట్టించడం ఎలాగూ తగ్గింది.

తిరిగి వచ్చేటప్పుడు వేరే పడవ దొరకలేదు. "నేను దింపుతానండి" అని కీమనే తన తాటిదోనె తీశాడు. వెనక నిలబడి గడ వేస్తున్నాడు. చినుకులు మొదలయ్యాయి. ఏది దారో, ఏది తుంగలో ఊబో నాకు తెలియలేదు. గడ దింపినప్పుడల్లా అతను ఒక్క క్షణం ఆగి, తల పక్కకి వంచి, తర్వాత తోస్తున్నాడు.

"ముందు ఎలా ఉందోయ్?" అని అడిగారు ఇన్‌స్పెక్టరు గారు, తల తిప్పకుండా.

"మెత్తగా ఉందండి. ఎడంపక్క నుంచి పోదామండి."

నాకు అటూ ఇటూ ఒకేలాంటి నీళ్ళు కనపడుతున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుంటారనుకుంటే, మడిచి జేబులో పెట్టుకున్నారు. మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నొప్పి వచ్చిందేమోనని భయపడి చెయ్యి పట్టుకున్నాను. "ఏం లేదోయ్" అన్నారు. కాసేపటికోసారి "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవారు. వెనకనుంచి జవాబు వచ్చేది. దోనె ఎడమకి తిరిగేది, కుడికి తిరిగేది. వాన ఆయన మూసిన కళ్ళమీంచి గడ్డందాకా కారుతోంది. తుడుచుకోలేదు. దోనె ఒడ్డుకి తగిలేదాకా ఆయన కళ్ళు తెరవలేదు.