మడ అడవిలో పెదనాన్న గొంతు

నా చిన్నప్పుడు ఒక వేసవిలో, మధ్యాహ్నం సరిగ్గా రెండుంబావుకి, మా పెదనాన్న తన చేతిగడియారానికి కీ ఇచ్చుకుంటున్నారు. అంతకంటే చెయ్యడానికి ఏమీ లేదు. మేం కూర్చున్న పడవ బురదకి ఆనిపోయి అప్పటికే చాలాసేపయింది.

పెదనాన్న ఫారెస్టు రేంజరు. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు వేయించి, తర్వాత బదిలీ మీద రేపల్లె వచ్చారు. ఉప్పునీటి పాయల మధ్య పెరిగే మడ అడవి అప్పుడు ఆయన కింద ఉండేది. తెనాలిలో మా ఉమ్మడి కుటుంబానికి ఆయనే పెద్ద. నాకు తొమ్మిదేళ్ళు. సెలవులకి ఆయన దగ్గరికి వెళ్ళి, నన్నూ అడవికి తీసుకెళ్ళమని పట్టుబట్టాను.

ఆ రోజు ఆటు అనుకున్నదానికంటే ముందే తీసింది. పాయలో నీళ్ళు జారిపోయి పడవ కదలకుండా కూర్చుంది. రెండువైపులా మడచెట్లు, వాటి చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. గాలి లేదు. మళ్ళీ పోటు వస్తే తప్ప పడవ లేవదన్నాడు పడవతను. ఎంతసేపని అడిగాను.

"సముద్రం మన చుట్టం కాదు కదండి అమ్మాయిగారూ, టైము చెప్పి రావడానికి," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నేను ఒంటికి వెళ్ళాలి. ఇద్దరు మగవాళ్ళ ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గు. ఒడ్డు దగ్గర్లోనే ఉంది. పైపైన ఎండిన బురద గట్టిగానే కనిపించింది. వాళ్ళిద్దరూ అటు తిరిగి ఏదో మాట్లాడుకుంటుంటే నేను ఇటువైపునుంచి దిగాను.

రెండో అడుగుకే మోకాళ్ళదాకా కూరుకుపోయాను. ఒక కాలు లాక్కోబోతే రెండోది ఇంకా లోపలికి పోయింది. తొడలదాకా వచ్చాక అరిచాను. పడవతను కంగారుగా కేకలు వేస్తుంటే పెదనాన్న చెయ్యెత్తి ఆపారు. అప్పుడే పాయ మలుపులో నీళ్ళు సన్నగా ఇటు కదలడం కనిపించింది. పోటు మొదలైంది. అంతసేపూ మేం ఎదురుచూసింది ఆ నీళ్ళకోసమే.

పెదనాన్న పడవలోని అడ్డపలక తీసి బురద మీద పరిచారు. ఖాకీ బట్టలతోనే దాని మీద బోర్లా పడుకుని నా దాకా జరిగారు. పడవలో నీళ్ళు తోడే డబ్బాతో నా కాలి పక్కనే నీళ్ళు పోస్తూ, చేత్తో బురద తొలుస్తూ, మామూలు గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టారు.

"కాళ్ళు లాక్కోకు. కాలివేళ్ళు మాత్రం కదుపు. ఈ వేళప్పుడు ఇంట్లో మీ నాయనమ్మ ఏం చేస్తుంటుందే?"

పడుకుని ఉంటుందన్నాను.

"గురక పెడుతోందా?"

"పెట్టనంటుంది."

"అలాగే అంటుంది. మరి మీ అమ్మ?"

అలా ఒక్కొక్కరినీ అడిగారు. మా అమ్మ, పెద్దమ్మ, పిన్ని, అటక మీద పిల్లలు పెట్టిన పిల్లి. నేను తెనాలిలో మా ఇంట్లో గది గదికీ తిరిగి జవాబు చెబుతున్నాను. నీళ్ళు నడుముదాకా వచ్చాయి. తర్వాత పొట్ట మీదికి వచ్చాయి. ఆయన గొంతు మారలేదు. మొదటి కాలు వచ్చింది. రెండోది వచ్చేసరికి ఆయన గడ్డం నీళ్ళలో ఉంది. ఇద్దరినీ పడవతను పైకి లాగాడు. నన్ను పడవ దింపిన ఇబ్బంది ఆ నీళ్ళలోనే ఎప్పుడో తీరిపోయింది. ఎవరికీ తెలియలేదు.

"నీళ్ళు మీదికొస్తుంటే పిల్లి సంగతులేంటండి సార్? అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నారనుకున్నానండి," అన్నాడు పడవతను.

"కబుర్లేనయ్యా," అన్నారు పెదనాన్న. పడవలో ఉంచిన సంచిలోంచి సిగరెట్టు, అగ్గిపెట్టె తీసి వెలిగించుకోబోయారు. ఒక పుల్ల విరిగింది. ఇంకోటి కింద పడింది. పడవతను అగ్గిపెట్టె తీసుకుని వెలిగించి ఇచ్చాడు. అంతసేపూ మామూలుగా మాట్లాడిన మనిషికి అగ్గిపుల్ల గియ్యడం చేతకాలేదు.

ఆ గొంతు వెనక అంత భయం ఉండవచ్చని ఆ రోజు తెలిసింది. భయాన్ని గొంతులోకి రానివ్వకపోతే ఎదుటి మనిషి నిలబడతాడని కూడా తెలిసింది. తర్వాతి యాభై ఏళ్ళూ మా ఇంటిని ఆ గొంతే నడిపింది. తుఫానుకి బాపట్ల తోటలు నేలమట్టమైనప్పుడు, పెద్దమ్మ పోయినప్పుడు, ఆయన ముందు అడిగింది ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అనే. మేమందరం అదే నేర్చుకున్నాం. నా భర్తకి ఆపరేషను జరుగుతున్నప్పుడు ఫోను చేసినవాళ్ళందరితో నేను కూరల గురించి మాట్లాడాను. మాలో ఎవరికి దేనికి భయమో రెండోవాళ్ళకి తెలియదు. ఒకే ఇంట్లో ఎవరి బురదలో వాళ్ళం ఉండిపోయాం.

తొంభై దాటాక పెదనాన్న మంచం పట్టారు. అడవులు తిరిగిన మనిషికి చివరి రెండేళ్ళు తెనాలిలో ఒక గది, ఒక కిటికీ మిగిలాయి. పక్కకి ఒత్తిగిలాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేను సాయంత్రాలు వెళ్ళి కూర్చునేదాన్ని. ఒకరోజు ఊపిరి అందక ఆయన చాలా అవస్థ పడుతున్నారు. డాక్టరు ఇంకా రాలేదు. నేను మామూలు గొంతుతో, ఇప్పుడు వంటింట్లో ఎవరున్నారు పెదనాన్నా, ఏం చేస్తున్నారు, అని అడిగాను.

ఆయన నావైపు చూశారు. కాస్త తెరిపిన పడ్డాక, "నా దగ్గర నేర్చుకుని నా మీదే వేస్తున్నావా?" అన్నారు. ఊపిరి తీసుకుని, "ఆ రోజు పాయలో చాలా భయమేసిందే. ఇప్పుడూ వేస్తోంది," అన్నారు.

ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

"నాక్కూడా, పెదనాన్నా," అన్నాను.

"అయితే ఇద్దరం ఉన్నాం," అని నా చెయ్యి పట్టుకున్నారు. డాక్టరు వచ్చేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు. అంతకుముందు ఎన్నో సాయంత్రాలు ఆయన పక్కన కూర్చున్నాను కానీ, దగ్గరగా ఉన్నది ఆ కాసేపే అనిపిస్తుంది. ఆ నెలలోనే ఆయన పోయారు.

ఆయన గొంతు నాలో ఇంకా ఉంది. పిల్లలు ఫోనులో కష్టం చెబితే ముందు అదే బయటికి వస్తుంది. తిన్నావా అని అడుగుతాను. ఆ తర్వాత నాకూ భయంగానే ఉందని చెబుతాను. మొదట్లో వాళ్ళు కంగారుపడ్డారు. ఇప్పుడు వాళ్ళూ చెబుతున్నారు. మా ఇంట్లో ఇప్పుడు భయాన్ని దాచుకుని మాట్లాడటం లేదు.