బండికి పట్టిన చెమ్మ

వంశీధర్ తన బండికి పూసినంత సిలికాన్ జిగురు మెల్‌బోర్న్ మొత్తమ్మీద ఇంకెవరూ ఏ బండికీ పూసి ఉండరు. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. పైకప్పు అంచుల వెంట, కిటికీల చుట్టూ, లైట్ల కింద, ఆఖరికి నంబరు ప్లేటు పక్కన కూడా పూశాడు మహానుభావుడు. నంబరు ప్లేటు లోంచి ఇంట్లోకి నీళ్ళెలా వస్తాయని అడగకండి. మనిషికి దిక్కు తోచనప్పుడు చేతికి తెలివి ఉండదు. ఇంత పూసినా నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి.

ఆ బండి తొంభై నాలుగు నాటి మోటర్‌హోం. ముందు జపాన్ ట్రక్కు, వెనక ఇల్లు. రెండు బర్నర్ల పొయ్యి, మోకాళ్ళు ముడుచుకుంటేనే పట్టే బాత్రూము, పగలు సోఫాగా రాత్రి మంచంగా మారే సీటు. డ్రైవరు నెత్తి మీదుగా ముందుకు చొచ్చుకొచ్చిన ఒక అటక. ఆ అటకే అనన్య పడక. అనన్య అతని కూతురు, తొమ్మిదేళ్ళది. వాళ్ళమ్మ హరిప్రియతో విడిపోయి మూడేళ్ళయింది. రెండు వారాలకొక శనివారం పిల్ల తండ్రి దగ్గరికి వచ్చి, ఆ రాత్రి ఉండి, ఆదివారం వెళ్ళిపోతుంది. నిద్రపోయే ముందు అటక మీంచి చెయ్యి కిందికి వేలాడదీస్తుంది. కింద సీటు మీద పడుకున్న వంశీధర్ ఆ చెయ్యి పట్టుకుంటాడు. పిల్ల నిద్రలోకి జారాక కూడా కాసేపు వదలడు. నెలకు రెండు రాత్రులు. మిగతా ఇరవై ఎనిమిదీ అతను ఎలా గడుపుతాడో అడిగేవాళ్ళు లేరు, అతనూ చెప్పుకోడు.

హనుమకొండ నుంచి చదువుకోవడానికి వచ్చి, మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో ఆరుగురు కుర్రాళ్ళతో ఒకే ఇంట్లో ఇరుక్కుని, ఐటీ ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని, పెద్ద ఇల్లు కొన్నవాడే ఇతనూ. ఆ ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది, సంసారమూ పోయింది. ఇప్పుడు తెల్లవారుజామునే లేచి ల్యాబులకు రక్తం శాంపిళ్ళు చేరవేస్తాడు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చక్రాల ఇళ్ళు అద్దెకు నిలుపుకునే ఊరి చివరి క్యారవాన్ పార్కులో ఉన్న తన బండి దగ్గరికి వస్తాడు. ఉద్యోగమూ ఇల్లూ సంసారమూ ఎందుకు పోయాయంటే అతని దగ్గర ఒకటే జవాబు: దిష్టి. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళ కళ్ళన్నీ తమ మీదే పడ్డాయట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! హరిప్రియ ఆ మాట విని విని విసిగిపోయి, చివరి రోజుల్లో ఒకసారి అననే అంది: "అందరి కళ్ళు మంచిగనే ఉన్నయ్ వంశీ. నీ కళ్ళే తెరుచుకుంటలేవ్."

బండి కొన్న రోజున అతన్ని క్లేటన్‌కు పిలిచింది సుగుణ ఆంటీ. చదువుకునే రోజుల్లో వంశీధర్ వాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చినావిడ, భీమవరం మనిషి, చేతికి ఎముక లేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది, కొబ్బరికాయ కొట్టించింది, తన పెరటి కంచె మీద కాచిన బూడిద గుమ్మడికాయకు పసుపూ కుంకుమా పూసి చేతికిచ్చింది.

"బండి మొహానికే కట్టు నాయనా. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందంటారు."

అతను అప్పటికప్పుడు డ్రిల్లు పట్టుకుని, అటక ముందు మూలన, అల్యూమినియం రేకులు రెండూ కలిసే చోట కొక్కెం బిగించి, ఉట్టిలో గుమ్మడికాయ వేలాడదీశాడు. అది మూడు నెలలకే కుళ్ళింది. ఆంటీ సంబరపడిపోయింది. "చూశావా, ఎంత దిష్టి లాగేసిందో! ఈసారి ఇంకా పెద్దది కట్టు." అలా ఏడాది తిరిగేలోపు నాలుగు కాయలు మారాయి. ఒక్కోటీ ముందుదాని కంటే బరువు. నాలుగోది మనిషి తలకాయ కంటే పెద్దది.

ఒక శనివారం రాత్రి వాన పడింది. అటక మీంచి అనన్య గొంతు వినిపించింది: "నాన్నా, ఇట్స్ రెయినింగ్ ఆన్ మై ఫేస్." లేచి చూస్తే గోడ చెమట పట్టినట్టుంది, పరుపు ఒక పక్కంతా నానిపోయింది, పరుపు వెనక నల్లటి బూజు. తెల్లారేసరికి పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఉబ్బసం మందు పఫర్ నాలుగుసార్లు పీల్పించినా తగ్గలేదు. ఆదివారం పొద్దున ఆసుపత్రి ఎమర్జెన్సీలో, మొహానికి మాస్కుతో ఉన్న కూతురి పక్కన నిలబడి హరిప్రియ గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది వంశీధర్‌కు.

"నీ వంతు గాకున్నా వచ్చే శనివారం మళ్ళ తోల్కొస్త, నేనే వచ్చి చూస్త. ఆ గోడ పొడిగ ఉంటే పిల్ల ఉంటది. లేకుంటే ఇగ రాత్రులు లేవు. పగలు తీస్కపో, సాయంత్రానికి దింపు. గంతే."

"ఆరు రోజులల్ల ఎట్ల ప్రియా?"

"దాని ఊపిరి కంటే ఎక్కువనా నీ ఆరు రోజులు?"



సోమవారం పైకప్పు మీద గాలి కోసం పెట్టిన మూత చుట్టూ పూశాడు. మంగళవారం వాన పడితే, అటక మీద గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. టప్ టప్ మంటూ గిన్నె నిండింది. బుధవారం కిటికీ చుట్టూ పాత సిలికాన్ మీదే కొత్తది పూశాడు. మళ్ళీ గిన్నె నిండింది. ఆ గిన్నెను ఎత్తి గడ్డిలోకి విసిరికొట్టి, బండి మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నలభై రెండేళ్ళ మగాడు, పట్టపగలు, చేతులకు జిగురుతో. నవ్వే వాళ్ళు నవ్వుకోండి, నాకు మాత్రం నవ్వు రాదు.

పక్క స్థలంలో ఉండే డెస్ ఇదంతా చూశాడు. డెస్ ముప్పై ఏళ్ళు క్యారవాన్లు బాగుచేసి రిటైరైన ముసలాయన. అడిగితే తప్ప సలహా ఇవ్వని జాతి. గురువారం మధ్యాహ్నం చేతిలో తోట పైపు పట్టుకుని తనే వచ్చాడు.

"మేట్, జిగురు పూసే ముందు చిల్లు ఎక్కడుందో వెతకాలి. నువ్వు లోపల కూర్చో. నేను కింద నుంచి పైకి కొద్దికొద్దిగా తడుపుతూ వస్తాను. లోపల తడి కనిపించగానే కేక వెయ్యి."

పది నిమిషాలు ఏమీ లేదు. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. వంశీధర్ టార్చి వేసి గోడకేసి చూస్తూ, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు. పైపు నీళ్ళు అటక ముందు మూలకు చేరాయో లేదో, గోడ మీద సన్నటి ధార.

"స్టాప్! స్టాప్!"

బయటికి పరిగెత్తుకొచ్చాడు. డెస్ నీళ్ళు ఆపి గుమ్మడికాయ వంక చూస్తున్నాడు. "ఇదేంటి?"

"దిష్టి... అంటే, జనాల చెడ్డ చూపు తగలకుండా."

డెస్ నవ్వలేదు. రెండు చేతులతో కాయను కాస్త పైకెత్తాడు. కొక్కెం కింద రేకు అంచు మూసుకుంది. వదిలాడు. అంచు నోరు తెరిచింది. మళ్ళీ ఎత్తాడు, మూసుకుంది. గాలికి కాయ ఊగిన ప్రతిసారీ ఏడాది పాటు ఆ మూల అలాగే తెరుచుకుంటూ మూసుకుంటూ, పడ్డ ప్రతి వాన చుక్కనూ లోపలికి మింగింది.

"పైగా కింద అంచులన్నీ జిగురుతో మూసేశావు. లోపలికి పోయిన నీళ్ళకు బయటికి దారి లేదు. అవి ఇంకెక్కడికి పోతాయి?"

కంచే చేను మేసినట్టయింది. పాత ఓనరు కాదు, జపాన్ వాడు కాదు, ఏ మనిషి కన్నూ కాదు. డ్రిల్లు పట్టింది తను. కాయ కుళ్ళినప్పుడల్లా మంచిదే అనుకుని ఇంకాస్త బరువైనది కట్టింది తను. ఆ నోటి వెనకాలే, జానెడు దూరంలో, కూతురి తల పెట్టించిందీ తనే. కొక్కేన్ని చేత్తో లాగితేనే ఊడి వచ్చేసింది. స్క్రూ తుప్పు పట్టి, మరలకు చెక్క పొట్టు అంటుకుని ఉంది. దాన్ని జేబులో వేసుకున్నాడు. గుమ్మడికాయను ఆకుపచ్చ మూత చెత్తడబ్బాలో పడేస్తే దబ్బుమంది.

లోపలి పలక ఊడదీస్తే చూడాల్సిన అసలు దృశ్యం కనిపించింది. గోడ లోపలి చెక్క చట్రం నానిన అటుకుల్లా ఉంది. స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా, శుక్రవారం సెలవు పెట్టి రోజంతా, అతను కుళ్ళిన చెక్కను గోకి గోకి తీశాడు. బూజు కడిగాడు. కొత్త పైన్ చెక్కలు కోసి బిగించాడు. కొక్కెం చిల్లుకు మాసిక వేసి, రేకుల మధ్య పాత జిగురంతా గీకేసి, డెస్ ఇచ్చిన, నీళ్ళు దూరనివ్వని బ్యూటైల్ టేపు పరిచి, అంచును కొత్త స్క్రూలతో నొక్కాడు. మళ్ళీ పైపుతో తడిపితే చుక్క రాలేదు. కారడం ఆగింది. ఏడాదిలో మొదటిసారి ఆగింది!

కానీ ఆగడం వేరు, ఆరడం వేరు. కుళ్ళకుండా మిగిలిన పాత చెక్కలు నీళ్ళు తాగి ఉన్నాయి. డెస్ దగ్గరున్న తేమ చూసే మీటరు సూదులు గుచ్చితే నలభై ఒక్క శాతం చూపించింది. "పద్దెనిమిది లోపు వచ్చేదాకా పలక మూయకు. మూస్తే లోపల మళ్ళీ బూజే," అన్నాడు డెస్. హీటరు పెట్టాడు, ఫ్యాను పెట్టాడు. శుక్రవారం సాయంత్రానికి ముప్పై మూడు. శనివారం పొద్దున ఇరవై ఎనిమిది. హరిప్రియ పదకొండింటికి వస్తానంది. దింపుడు కళ్ళం ఆశలాగా పది నిమిషాలకోసారి సూదులు గుచ్చి చూశాడు. ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది. మీటరుకు కూడా జాలి లేదు.

తెల్లటి కొత్త పలక కోసి సిద్ధంగా ఉంది. ఎనిమిది స్క్రూలు. పది గంటలకు దాన్ని ఎత్తి గోడకు ఆనించి బిగించేశాడు. అరచేత్తో తడిమి చూశాడు. పొడిగా, నున్నగా, కొత్త పెళ్ళికొడుకులా ఉంది గోడ. పరుపు వేసి, దుప్పటి పరిచి, అనన్య దిండు పెట్టాడు. హరిప్రియ వచ్చి చెయ్యి పెట్టి చూస్తుంది, పొడిగా ఉంటుంది, పిల్ల ఉండిపోతుంది. ఎవరికి తెలుస్తుంది? తర్వాతి వారం ఊడదీసి ఆరబెట్టుకోవచ్చు. ఒక్క రాత్రే కదా!

సరిగ్గా బిగించానా లేదా అని చూడ్డానికి కూతురు పడుకునే చోట పడుకుని, దిండు మీద తల పెట్టాడు. ముక్కుకు రెండు అంగుళాల దూరంలో గోడ. పలక అంచు లోంచి వాసన వచ్చింది. తడి బట్టలు మూటగట్టి మరిచిపోతే వచ్చే వాసన. ఆదివారం పొద్దున ఆ చిన్న ఛాతీలోంచి వచ్చిన పిల్లికూత చెవుల్లో మళ్ళీ మోగింది. గబుక్కున లేవబోయి తల కప్పుకు కొట్టుకున్నాడు.

హరిప్రియ కారు పార్కులోకి మలుపు తిరిగే వేళకు అతను ఎనిమిదో స్క్రూ విప్పుతున్నాడు.

హరిప్రియ మెట్టెక్కి లోపలికి తొంగి చూసింది. పరుపు నేల మీద, పలక సోఫా మీద, గోడ ఎముకలు బయటేసుకుని ఉంది. ఆమె మొహంలో కోపం కూడా లేదు, ముందే తెలిసినట్టు ఒక నిట్టూర్పు.

"కాలేదు గదా."

"కారుడు ఆగింది. చెక్క ఆరలే, మీటరు ఇంక ఇరవై ఎనిమిది చూపిస్తంది." ఆమె అడగకముందే జేబులోంచి కొక్కెం తీసి చేతిలో పెట్టాడు. "నీళ్ళు దీనికాడికెళ్ళే వచ్చినయ్. గుమ్మడికాయ కోసం నేనే కొట్టిన. నేనే సంవత్సరం సంది బరువులు కట్టిన."

ఆమె ఆ తుప్పు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈసారి ఎవరి దిష్టి అంటలేవేంది?"

"ఎవరిది గాదు. నేనే." అతను సోఫా మీది పలక వైపు చూపించాడు. "మూసేసిన ప్రియా. నీకు కనపడకుండ మూసి మళ్ళ తీసిన. ఈ రాత్రి పిల్లను ఉంచకు. తీస్కపో."

వెనకాల నిలబడ్డ అనన్య భుజాన సంచితో, చంకలో బొమ్మ కుక్కతో అంతా వింది. "బట్ నాన్నా, యూ ప్రామిస్డ్!"

హరిప్రియ మొహం పక్కకు తిప్పుకుంది. అటు చూస్తూనే అడిగింది: "ఎంత రావాలె ఆ మీటరు?"

"పద్దెనిమిది."

"వచ్చినంక ఫొటో పెట్టు. అప్పుడు చూద్దాం." కొక్కేన్ని గట్టు మీద పెట్టింది.

అనన్య చెప్పులు విప్పి, ఎవరినీ అడగకుండా నిచ్చెన ఎక్కి, ఉత్త చెక్క మీద బోర్లా పడుకుంది. "ఏయ్, ఆ బూజు దగ్గర పండకు," అంది హరిప్రియ. "జస్ట్ టూ మినిట్స్, అమ్మా." అటక మీంచి చెయ్యి కిందికి వేలాడింది. వంశీధర్ పరుపు మీద మోకాళ్ళేసి ఆ చెయ్యి పట్టుకున్నాడు. బయట చినుకులు మొదలయ్యాయి. రేకు మీద చప్పుడు పెరిగింది. మూల మాత్రం పొడిగానే ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు.

రెండు నిమిషాలు దాటాయి. పై నుంచి చిన్న గొంతు వచ్చింది: "నాన్నా, యూ హ్యావ్ టు లెట్ గో నౌ."

వదిలాడు. వానలో కారు మలుపు తిరిగేదాకా మెట్టు మీదే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, హీటరు గోడకు దగ్గరగా జరిపి, మీటరు సూదులు చెక్కలో గుచ్చాడు.

ఇరవై ఏడు.