బంతి ముట్టని ఆటగాడు

నిన్న మా అల్లుడి స్నేహితుడొకడు భోజనానికి వచ్చి, టీవీలో అమెరికా ఫుట్‌బాల్ చూస్తూ పగలబడి నవ్వాడు. "చూశారా అంకుల్, ఆ ముందు వరసలో లావుపాటి వాళ్ళు బంతే ముట్టుకోరు. ఊరికే తోసుకుంటారు. అదో ఆటా!" నాకు ఒళ్ళు మండింది. వంటగదిలోంచి మా అమ్మాయి "నాన్నా, బీపీ" అనకపోతే నాలుగు మాటలు తగిలించేవాణ్ణి. ఆ ముందు వరసలో ఏళ్ళ తరబడి నిలబడిన మనిషి మా పక్కింట్లోనే ఉన్నాడు మరి.

మేం ఈ దేశం వచ్చి హాబ్సన్‌విల్‌లో కాపురం పెట్టిన కొత్తలో కంచె మీదుగా తల కన్నా ముందు అతని భుజాలు కనిపించేవి. అరవై దాటిన మనిషి. చేతివేళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు చూస్తుండేవి. దగ్గరికొస్తే నొప్పుల మందు వాసన. అమెరికాలో ఆటే వృత్తిగా బతికి, మోకాళ్ళు అరిగాక ఇక్కడి ఆవిడను పెళ్ళాడి వచ్చేశాడట. వీధిలో పిల్లలు నన్నలా పిలవడం విని అతనూ "అంకుల్" అనేవాడు. నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు పత్రికలు చదివి నేర్చుకున్నది. అందుకే దేన్నైనా అడిగి తేల్చుకునేదాకా నిద్ర పట్టదు. కాలికి తగలని బంతికి ఫుట్‌బాల్ అని పేరేమిటని మొదటి రోజే నిలదీశాను. "నాకేం తెలుసు అంకుల్, నేను దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు" అన్నాడు. వెనకాల బంతి పట్టుకున్నవాడి మీదికి ఎవరినీ రానివ్వకుండా అడ్డుపడటమే అతని పని. వెనక్కి తిరిగి చూడకూడదు. మరి వెనక ఏమైందో ఎలా తెలుస్తుందయ్యా అంటే, "జనం అరుపుల్ని బట్టి" అన్నాడు. ఆ రాత్రి అదే ఆలోచిస్తూ అన్నం చల్లార్చుకున్నాను.

ఆనాడు ఆటలో తలకు తగిలిన దెబ్బలే మతిమరుపు తెచ్చాయని తర్వాత డాక్టర్లు తేల్చారు. దారులు మరచిపోసాగాడు. ఒక సాయంత్రం సముద్రపు పాయ ఒడ్డున మడ చెట్ల బురదలో మోకాలిలోతున నిలబడి ఉంటే ఎవరో ఇంటికి తెచ్చారు. ఇక ఒంటరిగా గేటు దాటనివ్వనంది భార్య. నడక మానితే ఆ మనిషి మంచానికి అంటుకుపోతాడు. నేను తోడు వెళతానన్నాను. అంతే, మండిపడ్డాడు. "నాకు కాపలానా? నేనేం చంటిపిల్లాణ్ణా?"

నాకూ కోపం వచ్చింది. "నీకెవడు కాస్తాడయ్యా కాపలా! నేనే తుంటి ఆపరేషన్ అయినవాణ్ణి. ఫుట్‌పాత్ మీద ఆ కరెంటు స్కూటర్లు నా మీదికొస్తున్నాయి. నువ్వు ముందు నడు." అబద్ధమేం కాదు, వాటి మీద ఊరి కౌన్సిల్‌కు ఎన్ని ఫిర్యాదులు చేశానో మా వీధంతా ఎరుగును. అతను నన్ను ఎగాదిగా చూసి బూట్లు తొడుక్కున్నాడు.

అలా అతను ముందు, నేను వెనక. స్కూటర్లు ఆమడ దూరం తప్పుకునేవి. మలుపు వస్తే ఆగేవాడు, తిరిగి చూసేవాడు కాదు. "చెప్పు అంకుల్." "ఎడమ." భుజం వంచి ఎడమకు కదిలేవాడు. దారి తెలియనివాడిలా కాదు, వెనకవాడి కేక కోసం కాచుకున్న ఆటగాడిలా. గేటు దగ్గరికి చేరాక మాత్రం తిరిగి, నన్ను తేరిపార చూసి, "దెబ్బలేం తగల్లేదుగా?" అనేవాడు.

ఈ చలికాలం నుంచి నా ముఖం గుర్తుపట్టడం లేదు. "ఎవరు కావాలండీ?" అంటాడు మర్యాదగా. నేను వాదించను. వెనక్కి వెళ్ళి నిలబడి "పద" అంటాను, నడుస్తాడు. మేం కలిసి నడిచిన రోజులు అతనిలోంచి ఎటు పోయాయో తెలియదు. నా వంతువీ అతని వంతువీ కలిపి, ఇప్పుడు వాటిని నేనొక్కణ్ణే అతని వెనకాల మోసుకెళుతున్నాను.