బయటి మెట్లున్న వీధి

మానవజాతి చరిత్రలో నడక రెండుసార్లు పెద్ద మలుపు తిరిగింది. మొదటిది, మనిషి నాలుగు కాళ్ల మీంచి లేచి రెండు కాళ్ల మీద నిలబడినప్పుడు. రెండోది, రెండువేల ఆరు ఫిబ్రవరిలో, పోర్ట్‌బ్లెయిర్ గోల్ ఘర్ పేటలో, అప్పర్ డివిజన్ క్లర్కు సుబ్బరామయ్యగారు సాయంత్రం నాలుగున్నరకి గొడుగు చంకన పెట్టుకుని సర్కారు క్వార్టరు గేటు దాటినప్పుడు. మొదటి సంఘటనకి సాక్షులెవరూ లేరు. రెండోదానికి వీధి వీధంతా సాక్షి. అందరూ కిటికీల వెనక నుంచే చూశారు, అది వేరే సంగతి.

సుబ్బరామయ్యగారిది అనుమానంతో ఇరవైతొమ్మిదేళ్ల సర్వీసు. సెలవు చీటీలూ మెడికల్ బిల్లులూ ఆయన బల్ల దాటాకే పైకి వెళ్లేవి. కుడిచెయ్యి విరిగిందని బిల్లు పెట్టిన ప్యూనుని, మరి ఈ సంతకం ఏ చేత్తో చేశావని అడిగిన ఘనత ఆయనది. అలాంటి మనిషి ఒక కొత్త పేటలో సాయంకాలం నడవడానికి దారి వెతుక్కోవలసి వస్తే, ఎదురైన మొదటి రోడ్డుని నమ్మి దాని మీద కాలు పెట్టేస్తాడా?

నడవాల్సింది ఆయన కాదు, భార్య శేషమ్మ. ఆవిడకి సుగరు మూడువందలు దాటింది. రోజూ సాయంత్రం అరగంట నడవండి, మూడు నెలల్లో దిగకపోతే ఇక జీవితాంతం సూదిమందే అన్నాడు డాక్టరు. మోకాలు దెబ్బతిని ఉంది కాబట్టి ఎత్తుపల్లాలు పనికిరావనీ, బల్లపరుపు దారే చూసుకోమనీ చెప్పాడు. శేషమ్మ ఇంటికి వచ్చి తన షరతు తాను పెట్టింది. నడుస్తుంది. కానీ సముద్రం కనిపించే దారిలో మాత్రం అడుగు పెట్టదు.

ఈ ఊరి సంగతి తెలిసినవాళ్లకి ఇక్కడే చిక్కు అర్థమైపోతుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో రోడ్లు రెండు రకాలు, ఎక్కేవీ దిగేవీ. ఎక్కడైనా కాస్త చదునుగా కనిపిస్తే, అది సముద్రాన్ని ఒరుసుకుని పోతోందనే లెక్క. సముద్రం వద్దంటే మోకాలు ఒప్పుకోదు. మోకాలి మాట వింటే సముద్రం ఎదురుపడుతుంది.

సునామీ నాటికి వాళ్లు కార్ నికోబార్ దీవిలో ఉన్నారు. ఆదివారం పొద్దున్న భూమి ఊగిన తరవాత శేషమ్మ పెరట్లోంచి చూస్తే సముద్రం వెనక్కి వెనక్కి వెళ్లిపోయి, ఎన్నడూ కనపడని రాళ్లు బయటపడ్డాయి. వింతగా ఉందే అని ఆవిడ రెండు నిమిషాలు నిలబడి చూసింది. ఆ రెండు నిమిషాలకి ఆవిడ ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేదు. తరవాత ఇద్దరూ పరిగెత్తారు. ఆదివారం కాబట్టి మేడలున్న ఆఫీసులన్నీ తాళాలు వేసి ఉన్నాయి, లోపలి మెట్లు లోపలే ఉండిపోయాయి. ఒక్క గోడౌనుకి మాత్రం మెట్లు బయట ఉన్నాయి. మోకాలు పగిలింది ఆ మెట్ల మీదే, ప్రాణం నిలిచిందీ ఆ మెట్ల మీదే. ఆరు నెలలకి బదిలీ మీద పోర్ట్‌బ్లెయిర్ వచ్చారు. వచ్చిన నాటినుంచీ, ఆస్పత్రికి తప్ప శేషమ్మ గేటు దాటలేదు.

కాబట్టి దారి ఎంపికకి సుబ్బరామయ్యగారు ఒక ఫైలు తెరిచారు. పైన 'సాయంకాల వాహ్యాళి' అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. రోజూ సాయంత్రం ఒక్కడే బయల్దేరి, అడుగులు లెక్కపెట్టుకుంటూ, మూలమూలకీ ఆగి రాసుకునేవారు. గుడి పక్క సందు బాగానే ఉందిగాని మూడు కుక్కలు ఉన్నాయి, అందులో ఒకటి మరీ మర్యాదగా తోక ఊపుతోంది, అది నమ్మదగ్గది కాదు. బజారు రోడ్డు చదునే, అయితే బట్టలకొట్టుకీ మందులషాపుకీ మధ్య జానెడు ఖాళీలోంచి నీలంగా ఏదో మెరుస్తోంది. మరునాడు మళ్లీ వెళ్లి చూశారు, అది సముద్రమే. కొట్టేశారు.

పద్దెనిమిదో రోజున దొరికింది, బంగారురాజు అనే ఆయన ఉండే వీధి. మూడువందల పది అడుగుల పొడవున చదును. రెండువైపులా మేడలు, సముద్రం చుక్క కూడా కనపడదు. అన్నిటినీ మించి, మూడిళ్లకి మెట్లు బయట ఉన్నాయి. సుబ్బరామయ్యగారు ఆ మెట్లకేసి పుణ్యక్షేత్రంలో గోపురాన్ని చూసినట్టు చూశారు.

అయితే ఫైలు అంత తొందరగా మూసే మనిషి కాదాయన. మెట్లు ఉన్నంతమాత్రాన చాలదు, అవసరానికి అందుబాటులో ఉంటాయో లేదో విచారించాలి. బంగారురాజు తలుపు తట్టారు. బంగారురాజు చిన్న కాంట్రాక్టరు, తాతల నాడే శ్రీకాకుళం వదిలి వచ్చిన కుటుంబం. సుబ్బరామయ్యగారు నోటుబుక్కు తెరిచి, ఈ మెట్లకి గేటేమైనా ఉందా, తాళం వేస్తారా, పైన ఎంతమంది ఉంటారు, శ్లాబు ఎంతమంది బరువుకి ఆగుతుంది అని వరసగా అడిగారు. ఎందుకు అడుగుతున్నారో మాత్రం చెప్పలేదు. పరాయివాడి దగ్గర భార్య భయం గురించి మాట్లాడటం ఆయన పద్ధతి కాదు.

బంగారురాజు ఆ నోటుబుక్కుకేసి చూసి, "భయ్యా, ఏ ఆఫీసు?" అన్నాడు.

సుబ్బరామయ్యగారు నిజాయితీపరుడు. గవర్నమెంటాఫీసని చెప్పారు.

ఆ రాత్రి వీధి నిద్రపోలేదు. మొదట దొంగేమో అన్నారుగాని, దొంగ నోటుబుక్కులో రాసుకోడు కదా అని ఆ వాదం వీగిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే. సునామీ తరవాత అద్దెల గిరాకీ చూసి ఆ వీధిలో చాలామంది అనుమతి లేకుండా పై అంతస్తు వేశారు. అలాంటి అంతస్తుకి బయటి మెట్లే బహిరంగ సాక్ష్యం. ఈయన మెట్లు లెక్కపెడుతున్నాడంటే మేడలు కూలగొట్టే జాబితా తయారవుతోందన్నమాట.

మరునాటి సాయంత్రానికి బంగారురాజు మెట్లు లేవు. ఉన్నచోట, సునామీ సాయంలో పంచిన నీలం టార్పాలిను ఒకటి వేలాడుతోంది, దాని ముందు పాత మంచం నిలబెట్టి ఉంది. రెండ్రోజులకి ఎదురింటి మెట్లకి ఇనప గ్రిల్లు, గ్రిల్లుకి తాళం, తాళం కనపడకుండా సంపెంగ కుండీ. వారం తిరిగేసరికి మూడో ఇంటి మెట్ల నిండా కొబ్బరి మట్టలు పేర్చి ఉన్నాయి. సుబ్బరామయ్యగారు ఈ పరిణామాలన్నీ తేదీలతో సహా నమోదు చేసుకుని, ఈ వీధివాళ్లు ఏదో దాస్తున్నారు అని ఫైల్లో రాశారు. ఆ మాటకొస్తే ఆ అనుమానం ముమ్మాటికీ నిజం.

చిక్కల్లా మూడో ఇంట్లో వచ్చింది. ఆ ఇంటి మేడమీద అద్దెకుండేది బేబీరాణి. మొగుడు నూకన్న జంగ్లీఘాట్ రేవులో పడవ వేస్తాడు, ఆమె ఇల్లిల్లూ తిరిగి చేపలమ్ముతుంది. ఇంటికి వెళ్లాలంటే చేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ కొబ్బరి మట్టల మీంచి ఎక్కాల్సి వచ్చింది. నాలుగోరోజు జారింది. ఐదోరోజు గంప దించి నేరుగా క్వార్టరుకి వచ్చింది. సుబ్బరామయ్యగారు ఆఫీసులో ఉన్నారు.

"ఏటమ్మా, మీ బాబుగోరికి మా మెట్లతో ఏటి పని?" అంది గుమ్మంలోనే. "మేడ పడగొట్టించీసెత్తే నాను పిల్లల్నేసుకుని ఎక్కడికెల్లాలి, సెప్పండి?"

శేషమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వుతూ మొదలుపెట్టి, గోడౌను మెట్ల దాకా వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. డాక్టరు మాట, సూదిమందు, సముద్రం కనిపించని దారి, అన్నీ చెప్పింది. ఏడాదిగా ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు.

బేబీరాణి గుమ్మంలోనే కూర్చుని వింది. తమ పాత పడవ కూడా ఆవేళే ముక్కలైందని చెప్పింది. ఇప్పుడు కొత్త పడవ. రోజూ సాయంత్రం నూకన్న తిరిగొచ్చే వేళకి తాను జెట్టీకి వెళ్లి నించుంటానంది.

"నీకు భయం లేదా?" అంది శేషమ్మ.

"నమ్మకముండి ఎల్తాననుకున్నారా దీదీ? నమ్మకం నేకే ఎల్తాను. మనకి ఎవలి మీద అనుమానముంటే ఆల్లని కంటికెదర పెట్టుకోవాల. ఈపు తిప్పి కూకుంటే అది ఎప్పుడొచ్చిందీ మనకెలాగ తెలుత్తాది?"

ఇరవైతొమ్మిదేళ్ల అనుమానపు సర్వీసులో సుబ్బరామయ్యగారికి తట్టని సూత్రమిది. సాయంత్రం భార్య నోట విని, ఆయన దాన్ని ఫైల్లో రాసుకున్నారు. అందులో తర్కదోషం వెతికారు. దొరకలేదు.

మర్నాడు సాయంత్రం దంపతులిద్దరూ నడకకి బయల్దేరారు, సిటీబస్సులో. గోల్ ఘర్ నుంచి జంగ్లీఘాట్ దిగడం మోకాలికి పడదు కాబట్టి, చదునుగా నడవడానికి బస్సెక్కి వెళ్లాలని తీర్మానం. చేపల జెట్టీ పక్కన రోడ్డు అరచెయ్యిలా ఉంటుంది. రేవుకి దిగే సిమెంటు మెట్లు ఏడున్నాయి. బేబీరాణి అక్కడే గంప బోర్లించుకుని కూర్చుంది.

ఆ వేళ పున్నమి అని ఫైల్లో ఎక్కడా లేదు.

శేషమ్మ తల వంచుకునే వచ్చి, జెట్టీ దగ్గర ధైర్యం చేసి తలెత్తింది. సముద్రం లేదు. మెట్ల కింద ఉండాల్సిన చోట బురద, బురదలో నల్లటి రాళ్లు, ఒరిగిపోయిన రెండు పడవలు. నీళ్లు ఎక్కడో దూరాన గీతలా ఉన్నాయి. ఆవిడ భర్త చెయ్యి పట్టుకున్న పట్టుకి గొడుగు కింద పడింది.

సుబ్బరామయ్యగారి కళ్లు అప్పటికే మెట్ల కోసం వెతికాయి. వేలంపాటల షెడ్డుకి ఇనప నిచ్చెన ఉంది. పద, పద అన్నారు.

ఒడ్డున వల దులుపుకుంటున్న నూకన్న ఇదంతా చూసి దగ్గరికొచ్చాడు. పున్నమికీ అమావాస్యకీ పాటు, అంటే నీరు వెనక్కి పోవడం, ఎక్కువనీ, నీరు నాలుగింటికి బాగా లాగేసి మళ్లీ నెమ్మదిగా తిరుగుతుందనీ, నెలకి రెండుసార్లు ఇంతేననీ చెప్పాడు. బాబుగారు సంవత్సరాల తరబడి సముద్రం మధ్య ఉద్యోగం చేసి కూడా పాటు చూడలేదా అన్నట్టు ఒక చూపు చూశాడు. చూడకేం, చూశారు. ఆ ఆదివారం తరవాత చూడలేదు, అంతే.

"తిరిగి ఎప్పుడొస్తుంది?" అంది శేషమ్మ.

"సీకటి పడీయేలకి ఆకరి మెట్టు తాకుతాదమ్మా."

"ఎలా వస్తుంది?"

అలాంటి ప్రశ్న నూకన్నని ఎవరూ అడగలేదు. "పిల్లిలాగొత్తాది. సప్పుడుండదు."

సుబ్బరామయ్యగారు నిచ్చెన వైపే లాగుతున్నారు. శేషమ్మ చెయ్యి విడిపించుకుంది. "ఉండండి. ఈసారి పూర్తిగా చూస్తాను," అని పై మెట్టు మీద, బేబీరాణి పక్కన కూర్చుంది.

ఆయన కూర్చోలేదు. గొడుగు తీసుకుని నిచ్చెనకీ మెట్లకీ సరిగ్గా మధ్యలో, ఎటైనా పరిగెత్తడానికి వీలుగా నిలబడి గడియారం చూస్తూ ఉండిపోయారు. బురద మీద తడి మెరిసింది. కాసేపటికి ఒక రాయి మునిగింది, తరవాత ఇంకొకటి. ఒరిగిన పడవ ఒకటి ఎవరో లేపినట్టు నిటారుగా అయింది. శేషమ్మ రెప్ప వెయ్యకుండా, అత్తవారి చుట్టాన్ని గమనించినట్టు గమనిస్తోంది. చంద్రుడు వచ్చాడు. ఆరూ పదికి నీళ్లు ఆఖరి మెట్టు తాకి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ తాకాయి.

శేషమ్మ మోకాలు పట్టుకుని లేచింది. "చెప్పిన వేళకే వచ్చింది," అంది. కొంచెం అనుమానంగానే అంది. రేపు మళ్లీ వచ్చి చూడాలంది.

ఆ రాత్రి సుబ్బరామయ్యగారు ఫైలు చివరి పేజీలో దారి ఖరారైనట్టు రాసి, సంతకం చేసి, తేదీ వేశారు. ఆ కింద, అలవాటు చొప్పున, ఆ సాయంత్రం నడిచిన దూరం కూడా నమోదు చేశారు. బస్టాపు నుంచి జెట్టీ మెట్ల దాకా, రానూ పోనూ కలిపి, నూట నలభై అడుగులు.