కండా, దమ్మా?

చివరి రోజు ఉదయం కూడా నా భార్య సరోజ, "కల్లంలో మిరపకాయల మీద పట్టాలు తీశారా?" అని అడిగింది. మంచు పడకుండా రాత్రి కప్పించి, పొద్దున్నే తీసేది తనే. కాసేపటికి ఆసుపత్రికని ఆమెను ఎత్తుకెళ్లి కారులో పడుకోబెట్టాను. బరువేమీ లేదు. సాయంత్రానికి పోయింది. అది పోయిన ఏడు.

ఈ రోజు మా అమ్మాయి పోరు పడలేక దర్శిలో జిమ్‌కి వెళ్లాను.

"అంకుల్, కండ పెంచుదామా, దమ్ము పెంచుదామా? ఈ వయసులో రెండూ ఒకేసారంటే కష్టమండి," అన్నాడు కోచ్.

"ఏంటి తేడా?"

"కండుంటే బరువులెత్తొచ్చు. దమ్ముంటే చాలాసేపు అలసిపోకుండా ఉండొచ్చు."

"ఎత్తడానికి మా ఇంట్లో ఎవరూ లేరులే బాబూ. పొద్దున్నుంచి రాత్రి దాకా గడిచేదేదో చెప్పు."

జోకనుకుని నవ్వాడు. "అయితే నడవండి అంకుల్. దానికి మా దగ్గరకెందుకు?"

వచ్చిన బేరాన్ని ఇలా పంపేస్తే ఆ జిమ్ ఎలా నడుస్తుందో! మీలో యాభై దాటాక మొదలుపెట్టినవాళ్లు ఏది ఎంచుకున్నారో చెప్పండి.

ఈ ఏడు పట్టాలు కూలీలే తీస్తున్నారు. నేను బండి మీద వెళ్లేసరికే కాయలు ఎండలో ఉంటున్నాయి. రేపు పొద్దున బండి తీయను. కల్లం దాకా నడిచి వెళ్లి, పట్టాలు నేనే తీస్తాను.