నాంగ్‌ఖాయ్‌లో మా చిన్నమ్మ వద్దన్న భోజనం

మా చిన్నమ్మ రాజేశ్వరి చంద్రపూర్ బాబుపేట్‌లో ఏళ్ల తరబడి మెస్ నడిపింది. బొగ్గు గనుల్లో షిఫ్టులకు వెళ్లేవాళ్లకు వండి పెట్టింది, డబ్బాలు కట్టింది. మోకాళ్లు మొరాయించాక పోయినేడు మూసేసింది. సెలవు దొరికితే చాలు, బ్యాగు తగిలించుకుని తక్కువ ఖర్చులో తిరిగొచ్చే మనిషిని నేను. ఈసారి థాయ్‌లాండ్ నుంచి నేల మీదుగానే లావోస్ వెళ్తానని చెబితే చిన్నమ్మ వెంటనే అంది: "నేను గూడ వస్త బిడ్డా. గుళ్లు, బీచులు నాకొద్దు. ఎవలన్న వాళ్లింట్ల కూసోబెట్టి వడ్డిస్తె ఒక్కపూట తినాలె. హోటల్ల తినుడు లెక్కల రాదు. పెండ్లయినకాడికెళ్లి నేనే వడ్డిస్తున్న." ఈ ఏడైతే ఫర్వాలేదు, వచ్చే ఏడు ఇంత దూరం కుదరదని డాక్టర్ చెప్పేశాడు. అందుకే ఆలోచించకుండా టికెట్లు తీశాను.

చంద్రపూర్ నుంచి నాగ్‌పూర్‌కు బస్సులో మూడు గంటలు, అక్కడి నుంచి కోల్‌కతాకు రైలు. మయన్మార్ మీదుగా రోడ్డు దారి ఇప్పుడు నమ్ముకునేలా లేదు కాబట్టి కోల్‌కతా నుంచి బ్యాంకాక్‌కు మాత్రం విమానం తప్పదు. ముందే తీసుకుంటే చవగ్గానే దొరుకుతుంది. బ్యాంకాక్‌లో సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి నాంగ్‌ఖాయ్. మెకాంగ్ నది ఒడ్డున చిన్న ఊరు, నది అవతల లావోస్. ఫ్యాన్ బెర్త్ వెయ్యి బాట్‌ల లోపే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది బెర్త్ ముందుగానే అడగండి. స్టేషన్ బయట ఆటోలాంటి టుక్‌టుక్‌లుంటాయి. మంచి తిండి ఎక్కడని అడిగితే మా డ్రైవర్ వచ్చీరాని ఇంగ్లీషులో, "హోటల్ వద్దు, నది దగ్గర నోయ్ బండి" అని నేరుగా అక్కడే దించాడు.

నోయ్‌ది దాదాపు చిన్నమ్మ వయసే. బొగ్గుల మీద చేపలు కాలుస్తూ, రోట్లో పచ్చి బొప్పాయి, మిరపకాయలు దంచుతోంది. చిన్నమ్మ కాసేపు చూసి, ఊరుకోలేక, "జర ఇటియ్యి" అని రోకలి అందుకుంది. నోయ్ పగలబడి నవ్వింది. ఆ పూటంతా నేను ఒక మూల కూర్చుని జిగురన్నం తింటుంటే, వాళ్లిద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే బండి నడిపారు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక నోయ్ తన ఫోన్‌లో ఏదో మాట్లాడి, ఇంగ్లీషులో వచ్చిన అనువాదం నాకు చూపించింది. మర్నాడు వాళ్లింట్లో మనవరాలి చేతికి తెల్లదారాలు కట్టే వేడుక, తర్వాత అందరికీ చాపల మీద భోజనం, మీరిద్దరూ పొద్దున్నే రావాలి అని. నేను చదివి చెప్పగానే చిన్నమ్మ మొహం వెలిగిపోయింది. నోటితో మాత్రం, "అయ్యో, మీకెందుకమ్మా తక్లీఫ్! వద్దు వద్దు, మేమేడనన్న తింటం" అంది.

ఇది మా వైపు మర్యాద. పిలవగానే సరే అంటే తిండికి మొహం వాచినట్టుంటుంది. ముందు వద్దనాలి, వాళ్లు చెయ్యి పట్టుకుని లాగాలి, అప్పుడు "మీరింతగ అంటున్నరు గద" అంటూ కూర్చోవాలి. నేనూ ఆ ఇంట్లో పెరిగినదాన్నే, అందుకే ఆలోచించకుండా చిన్నమ్మ మాటను ఉన్నదున్నట్టు ఫోన్‌లో చెప్పేశాను. నోయ్ చదువుకుంది. నవ్వింది. రెండు చేతులూ జోడించి తల వంచి, మళ్లీ చేపల దగ్గరికి వెళ్లిపోయింది. చిన్నమ్మ సంచీ సర్దుతున్నట్టు చాలాసేపు నిలబడింది. పోదామా అన్నాను. "ఆగవే, ఇంకోపారి అడుగుతది" అంది మెల్లగా. అడగలేదు.

మర్నాడు నేను లేచేసరికి చిన్నమ్మ స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూర్చుని ఉంది. మేం ఎక్కడ దిగామో నోయ్‌కి ముందురోజే చెప్పాం, వచ్చి పిలుస్తుందని చిన్నమ్మ ఆశ. మనమే వెళ్దాం పద అంటే వినలేదు. "పిల్వంది ఎట్ల పోతమే? వద్దన్నం గద!" చివరికి నేనే నది ఒడ్డుకు వెళ్లి చూస్తే బండి మూసి ఉంది, ఇల్లెక్కడో మాకు తెలియదు. మధ్యాహ్నం వంతెన దాటే బస్సెక్కాం. లావోస్ వీసా సరిహద్దులోనే ఇస్తారు, డాలర్లూ ఒక ఫోటో దగ్గరుంచుకోండి. లావోస్ రాజధాని వియంతియాన్‌లో నాలుగైదు రోజులున్నాం. ఊరు బాగుంది. చిన్నమ్మ మాత్రం ఏం చూపించినా "ఆఁ, మంచిగున్నది" అని ఊరుకుంది.

తిరుగు రైలు కూడా నాంగ్‌ఖాయ్ నుంచే. స్టేషన్‌కు వెళ్తూ బండి దగ్గర ఆగాం. ఆ రోజు ఎంత రావాలనుకున్నామో ఈసారి నేనే ఫోన్‌లో చెప్పాను. నోయ్ చదివి, చేతులు తుడుచుకుని తనూ ఏదో మాట్లాడింది. తర్వాత తన ఫోన్ చూపించింది: "వద్దన్నవాళ్లను మళ్లీ అడిగితే బలవంతం చేసినట్టు. మా ఇల్లు చిన్నదని మీకు ఇష్టం లేదేమో అనుకున్నాను." అది వినగానే చిన్నమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "గట్ల కాదమ్మా, గట్ల కాదు" అంటూ ఆమె చేతులు పట్టుకుంది. నోయ్ రాత్రికి ఇంటికి రమ్మంది. మా రైలు ఇంకో గంటలో ఉంది.

ఆ రైలు వదిలేసి ఉండాల్సింది. కోల్‌కతా విమానం టికెట్ పోతుందని భయపడ్డాను, ఇప్పుడు తలుచుకుంటే అంతకంటే పిచ్చి భయం లేదు. నోయ్ జిగురన్నం, కాల్చిన చేప ఆకులో కట్టిస్తే చిన్నమ్మ ఈసారి వద్దనలేదు. రైల్లో ఒళ్లో పెట్టుకుని తింటూ, "వాళ్లింట్ల తింటె ఎట్లుండునో" అని ఒక్క మాట అంది. ఈ మధ్య ఆమె వాకర్ లేకుండా గుమ్మం దాటడం లేదు. మీరు ఆ దారిన వెళ్తే నా సలహా ఒక్కటే: అక్కడ ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే మొదటి పిలుపుకే సరే అనండి, వాళ్లు రెండోసారి పిలవరు.