అగ్గిపెట్టె తెరవకముందు

సారు పోయిండు. సోమవారం పొద్దుగాల నేను పనిజేసే పత్తి జిన్నింగ్ మిల్లు గేటు కాడికి వచ్చి, నాతోని కంప్యూటర్ క్లాసుకొచ్చే టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ అక్క చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలే, కోపమొచ్చింది. శనివారం మా పోటీ కాగితాలు తీస్కొని, ఎవరు గెలిచిండ్రో చెప్పకుండనే పోతడా మనిషి?

నాందేడ్‌ల సారు నడిపిన కంప్యూటర్ క్లాసుకు ఉన్నది ఒక్కటే మిషన్, పాత టీవీకి తగిలించింది. వారానికో పోటీ పెడుతుండె. చెప్పిన పని చేసే ప్రోగ్రాము ఎవరు తక్కువ అక్షరాలల్ల రాస్తె వాళ్లు గెలిచినట్టు. పరీక్షకు పెట్టే అంకెలు ముందే చీటీ మీద రాసి అగ్గిపెట్టెల దాస్తుండె. అందరి కాగితాలు అందినంకనే తెరుస్తుండె, ఆ అంకెలకు ఆగిపోయిన ప్రోగ్రాము ఓడినట్టె. లవంగం నములుకుంట, ఒక్కో అక్షరం మీద పెన్సిల్ మొన ఆనించి లెక్కవెడుతుండె.

మొదట్ల బహుమానం పెన్ను. అందరం చేతులడ్డం పెట్టుకొని రాసినం. అది చూసి సారు బహుమానమే మార్చిండు. గెలిచినోనికి మిషన్ మీద ఒక గంట, కాని ఆఖరుకొచ్చినోన్ని పక్కన కూసోబెట్టుకోవాలె. నేను మండిపడ్డ.

"గెలిచింది నేను. నా గంట వానికెందుకు సార్?"

"నువ్వు రాసింది వానికి సమజ్ కాకపోతె అది పొట్టిది కాదురా, మూగది."

ఎనిమిదితోనే బడి బందైన నాకు ఆ గంటలే చదువు.

ఆ శనివారం ఆఖరు పోటీకి పెద్ద బహుమానం పెట్టిండు. సారుకు తోడుగ క్లాసు చెప్పే పని, గది తాళంచెవి. మిల్లు దుమ్ముల నుంచి బయటపడే తొవ్వ. లెక్క గూడ మా మిల్లుదే. ఎన్ని మూటలు, ఎంతమంది హమాలీలు, మనిషికెన్ని. ఒక్కరు గూడ రాని రోజు సున్నాతో భాగించలేక మిషన్ ఆగిపోతది. ఆ రోజును చూసుకునే లైను నేను కావాల్నని తీసేసిన. అక్క ఉంచింది. అందుకే నాది పొట్టిది.

దినాలైనంక సారు భార్య మా కాగితాలు, అగ్గిపెట్టె, తాళంచెవి మా ఇద్దరి ముందట పెట్టింది.

"నీదే పొట్టిది తమ్మీ, చెవి తీస్కో," అన్నది అక్క.

అగ్గిపెట్టె దిక్కు చూసిన. చీటీల సున్నా ఉండకపోవచ్చు. ఉండొచ్చు. సారు ఎన్నడన్న ఏదన్న మరిచిండా?

పెన్సిల్ అడిగి, తీసేసిన లైను మళ్ల రాసిన. లెక్కవెట్టిన. అక్కదానికంటె రెండక్షరాలు ఎక్కువ. తాళంచెవి ఆమె దిక్కు జరిపిన. ఆమె అగ్గిపెట్టె తెరవబోతె వద్దన్న.

ఇప్పటికీ అది క్లాసుల టీవీ మీదనే ఉన్నది. ఎవరన్న బల్ల కదిలిస్తె లోపల చీటీ సప్పుడైతది. రాస్తున్న నా చెయ్యి అక్కడికక్కడ ఆగుతది.